రష్యన్ హాస్యనాటకాల తొలి ముద్రణలు సేకరించడం ఎలా?

మనలో చాలామందికి రష్యన్ సాహిత్యం విశాలాంధ్ర షాపుల్లో దొరికిన ప్రగతి, రాదుగ వారి తెలుగు అనువాదాలతో పరిచయమైంది. ఆ ఇష్టం ముదిరి, నాటకం పుట్టిన కాలంలోనే అచ్చయిన ప్రతి ఒక్కటైనా ఇంట్లో ఉండాలి అనిపిస్తే ఈ పద్ధతిలో మొదలుపెట్టండి.

1. ముందు ‘తొలి’ అంటే ఏదో తేల్చుకోండి

కొన్నిటికి ఇది తేలికే. ఫన్‌వీజిన్ ‘నేదొరొస్ల్’ (ఈడు రాని కుర్రాడు) 1782లో రంగస్థలం ఎక్కింది, 1783లో పుస్తకమైంది. గోగోల్ ‘రివిజోర్’ (తనిఖీ అధికారి) ప్రదర్శన, పుస్తకం రెండూ 1836లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వచ్చాయి.

చిక్కంతా గ్రిబొయేదొవ్ ‘గోరె ఒత్ ఉమా’ (తెలివి తెచ్చిన తంటా)తోనే. సెన్సారు ఒప్పుకోకపోవడంతో 1825 నాటి ‘రూస్కయా తాలియా’ సంకలనంలో కొన్ని భాగాలే అచ్చయ్యాయి. 1829లో రచయిత టెహ్రాన్‌లో హత్యకు గురయ్యాడు. 1833లో మాస్కోలో పుస్తకం వచ్చింది కానీ అందులోనూ కోతలే. రష్యాలో పూర్తి పాఠం అచ్చు కావడానికి 1862 దాకా పట్టింది. ఈలోగా జనం చేత్తో రాసుకున్న ప్రతులే ఊరూరా తిరిగాయి. అందుకే సేకరించేవాళ్లు ఆ రాతప్రతులను కూడా వెతుకుతారు. ఒక పాఠకుడు రాత్రిళ్లు కూర్చుని నాటకమంతా ఎత్తి రాసుకున్న కాగితాలు నాకైతే 1833 పుస్తకం కంటే విలువైనవి.

2. పాత అక్షరాలు నేర్చుకోండి

1918 లిపి సంస్కరణకు ముందు హల్లుతో ముగిసే చాలా మాటల చివర ‘యెర్’ అనే అక్షరం ఉండేది. ‘రివిజోర్’ పేరు చివర కూడా అది ఉండాలి. వారం రోజులు కూర్చుంటే టైటిల్ పేజీ చదవడం వచ్చేస్తుంది.

3. ప్రతిని పేజీ పేజీ పోల్చండి

మాస్కోలోని రష్యన్ స్టేట్ లైబ్రరీ ఎన్నో పాత పుస్తకాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. అమ్మేవాళ్లను అన్ని పేజీల ఫోటోలు అడిగి, ఆ స్కాన్ పక్కన పెట్టుకుని చూడండి. టైటిల్ పేజీ వెనక సెన్సారు అనుమతి, దాని తేదీ ఉంటాయి. ‘రివిజోర్’కి అది 1836 మార్చి 13.

ఇంకో మంచి గుర్తు ఉంది. మూతి వంకరైతే అద్దాన్ని తిట్టి లాభం లేదన్న సామెత ఈ నాటకం మొదట్లో ఉంటుందని అందరికీ తెలుసు. గోగోల్ దాన్ని చేర్చింది 1842లో. 1836 అని చెప్పే ప్రతిలో అది కనిపిస్తే కొనకండి.

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి కూడా చూడాలి. అప్పటి రష్యన్ కాగితాల నీటిగుర్తుల్లో (వాటర్‌మార్క్) తరచుగా సంవత్సరం ఉంటుంది. అది ముద్రణ సంవత్సరం తర్వాతిది అయితే లెక్క తప్పినట్టే.

4. ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడగండి

ఇక్కడ మొహమాటం వద్దు. 2022, 2023లలో యూరప్ లైబ్రరీల నుంచి పుష్కిన్, గోగోల్ వంటి వారి పాత ముద్రణలు కనీసం 170 మాయమయ్యాయి. కొన్నిచోట్ల దొంగలు అసలు తీసుకుని అచ్చు అలాంటి నకలు పెట్టి వెళ్లారు. లైబ్రరీ ముద్ర ఉంటే, దాన్ని చెరిపిన మరక ఉంటే, ఆ లైబ్రరీకే రాసి కనుక్కోండి. జవాబు వచ్చేదాకా డబ్బు కట్టకండి.

5. చెహోవ్‌తో మొదలుపెట్టండి

‘రివిజోర్’ తొలి ముద్రణ మామూలు జీతాలకు అందేది కాదు. చెహోవ్ తాను హాస్యనాటకం అనే చెప్పిన ‘చెర్రీ తోట’ కొంచెం అందుబాటులో ఉంటుంది. అది 1904లో ‘జ్నానియె’ ప్రచురణ సంస్థ సంకలనంలోనూ, ప్రచురణకర్త అడోల్ఫ్ మార్క్స్ ద్వారా విడి పుస్తకంగానూ వచ్చింది. సంకలనం పేరులో 1903 అని ఉంటుంది, చూసి కంగారు పడకండి.

రష్యా నుంచి నేరుగా తెప్పించుకోవాలంటే పాత పుస్తకాలకు ఎగుమతి అనుమతి చిక్కులున్నాయి. 2022 మార్చి నుంచి అక్కడ మన వీసా, మాస్టర్‌కార్డులు పనిచేయవు. వేరే దేశంలో, రాతపూర్వకంగా రసీదు ఇచ్చే పాత పుస్తకాల వ్యాపారి దగ్గర కొనడం మేలు.

6. తెచ్చాక

చిరిగిన పేజీకి సెల్లో టేపు వేయకండి, లామినేషన్ అసలు వద్దు. పాత అట్ట నలిగిపోయినా సరే, కొత్త బైండింగ్ చేయించకండి. విజయవాడ, విశాఖ లాంటి ఉక్క ఊళ్లలో ఉంటే ఆమ్లం లేని అట్టపెట్టెలో పెట్టి, గోడకు ఆనకుండా ఉంచి, వానాకాలంలో వారానికోసారి తీసి చూడండి.