పాత కోడ్‌కి డాక్యుమెంట్ లేదా? నడిపించి రాబట్టండి

రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయిన, డాక్యుమెంట్ ముక్క కూడా లేని పాత జావా ప్రోగ్రామ్ మీ నెత్తిన పడిందా? కోడ్ మొత్తం చదవడానికి కూర్చునే ముందు డైకాన్ అనే ఉచిత టూల్‌తో ఒకసారి నడిపి చూడండి. ప్రతి మెథడ్ మొదట్లో, చివర్లో విలువలు గమనించి, 'బ్యాలెన్స్ సున్నా కంటే తగ్గదు', 'ఈ లిస్ట్ ఎప్పుడూ వరుసలోనే ఉంటుంది' లాంటి నియమాలు తనే రాసిస్తుంది.

అయితే అది చూసిందే చెబుతుంది. టెస్ట్ డేటాలో ఎవరి బ్యాలెన్సూ ఒక్కసారి కూడా సున్నా కాకపోతే, అదే రూల్ అనుకుంటుంది పాపం! అందుకే నెలాఖరు, ఫిబ్రవరి 29, ఖాళీ ఫైలు, రద్దయిన ఆర్డర్ అన్నీ కలిపి నడపండి. పనికిరాని నియమాలూ చాలానే వస్తాయి. ముందు డబ్బు, తేదీలున్న మెథడ్‌లు చూడండి. వింతగా అనిపించిన నియమాన్ని ఆ ప్రోగ్రామ్ రోజూ వాడే అకౌంట్స్ వాళ్లకి చూపించి అడగండి.