బండి మీద వెళ్లేవాళ్లకి పాత చొక్కా చిట్కా

రోజూ ఎండలో బండి మీద వెళ్తూ చేతులకి కూడా సన్‌స్క్రీన్ రాస్తుంటే ట్యూబు ఇట్టే అయిపోయేది. ఇప్పుడు మా వారి పాత ముదురు నీలం ఫుల్ హ్యాండ్స్ చొక్కా పైన వేసుకుంటున్నాను. ఏ బట్ట పడితే అది పనికిరాదు. లోపల చెయ్యి పెట్టి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూడండి. వేళ్లు కనిపిస్తే, చర్మ క్యాన్సర్ ముప్పు పెంచే అతినీలలోహిత కిరణాలూ దూరతాయన్నమాట. నేత దగ్గరగా ఉండాలి.

ముఖానికి, మెడకి మాత్రం ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడవునా పిండుకుని, బయల్దేరే 15 నిమిషాల ముందు రాయాలి. బఠాణీ గింజంత అస్సలు చాలదు. బయటే ఉంటే 2 గంటలకోసారి మళ్లీ.

చెమటకి తడిసి ఒంటికి అంటుకున్న కాటన్ బట్ట ఎండని అంతగా ఆపదు. పొడి చొక్కా ఇంకోటి బ్యాగులో ఉంచుకోండి.