రెండు చక్రాల ట్రాలీలో బరువు సరిగ్గా పడిందో లేదో కాటాలోనే చూసుకోండి

రోలరో మిక్సర్ మిషనో ట్రాలీకెక్కించి భాకరాపేట ఘాట్ (కొండదారి) దిగుతుంటే ట్రాలీ అటూఇటూ ఊగుతుంది, బ్రేకు తొక్కితే ట్రాక్టరు వెనక చక్రాలు జారతాయి. చాలాసార్లు తప్పు బ్రేకుది కాదు. బరువంతా ట్రాలీ వెనక్కి పడి, ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే హుక్కు మీద భారం లేకపోవడమే.

దారిలో బండ్లను తూచే ఏ కాటా (వేబ్రిడ్జి) దగ్గరైనా మూడు తూకాలు వేయించండి. ముందు ట్రాలీ విప్పి ట్రాక్టరు ఒక్కటే. తర్వాత లోడు ట్రాలీ తగిలించి, దాని చక్రాలు ప్లాట్‌ఫారం బయటే ఉంచి ట్రాక్టరు. చివరికి ట్రాలీ చక్రాలు మాత్రమే. మొదటిది 2,100, రెండోది 2,600 కిలోలు వస్తే హుక్కు మీద పడేది 500. చక్రాల మీద 4,000 ఉంటే ట్రాలీ మొత్తం 4,500, అందులో హుక్కు వాటా 11 శాతం. 10 నుంచి 15 మధ్య ఉంటే చాలు. తక్కువైతే మిషన్ని అరడుగు ముందుకు జరిపి, గొలుసు బిగించి మళ్లీ తూయండి. ఎక్కువైతే ఎత్తెక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి, అది ఇంకా ప్రమాదం.

మొత్తం బరువు ఆర్సీలో రాసిన హద్దు దాటకూడదు. ఓవర్‌లోడుకు జరిమానా 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

కాటా ముందు నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, హ్యాండ్‌బ్రేకు వేసి తూచినా లెక్క తప్పుతుంది. నాలుగు చక్రాల ట్రాలీకి ఈ పద్ధతి పనికిరాదు, దాని ముందు బరువు ముందు చక్రాలే మోస్తాయి.