వేట నిషేధ భృతి: కళాసీలు జాబితాలో పేరు ఎక్కించుకునే విధానం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరబోట్లు (లోపలే ఇంజను బిగించిన పెద్ద బోట్లు), మోటారు బోట్లు (బయట ఇంజను తగిలించిన చిన్న బోట్లు) వేటకు వెళ్లకూడదు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ విరామం. ఆ రెండు నెలలు ఇల్లు గడవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఒకప్పుడు 4,000 రూపాయలు ఉండేది, 2019లో 10,000 చేశారు, 2025లో ‘మత్స్యకార సేవలో’ పేరుతో 20,000కి పెంచారు. ఆ ఏడాది ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ఈ పథకాన్ని ప్రారంభించి, 1,29,178 మందికి డబ్బు విడుదల చేశారు.

ఈ భృతి బోటు ఓనరుకే వస్తుందని చాలామంది కళాసీలు, అంటే బోటు మీద పనిచేసే కూలీలు, ఇప్పటికీ అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఓనరుతో పాటు డ్రైవరు, కళాసీలు కూడా అర్హులే. నిజానికి ఈ సాయం ఎక్కువ అవసరమయ్యేది వాళ్లకే. మన దగ్గర వేటకు నెల జీతం ఉండదు. చేప అమ్మగా వచ్చిన డబ్బులో డీజిలు, ఐసు, సరుకుల ఖర్చు తీసేసి, మిగిలినదాంట్లో బోటుకు, వలకు, మనుషులకు పాలు (వాటాలు) వేస్తారు. వేట ఆగితే ఆ పాలూ ఆగుతుంది. పైగా కళాసీ చేతిలో జీతం స్లిప్పు ఉండదు, అపాయింట్‌మెంట్ కాగితం ఉండదు. ఫలానా బోటులో పనిచేస్తున్నాడని చెప్పేది ఒకే ఒక్క కాగితం: మత్స్యశాఖ బోట్లు లెక్కించే సమయంలో ఆ బోటు పేరు మీద రాసే మనుషుల జాబితా. అందుకే ఈ పథకంలో దరఖాస్తు అంటే మీసేవలో ఫారం నింపి రావడం కాదు, ఆ జాబితాలో పేరు పడేలా చూసుకోవడం.

ముందు బోటు కాగితాలు

జాబితా బోటును బట్టి తయారవుతుంది కాబట్టి మొదట బోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. దాంతో పాటు 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఇచ్చిన లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. రిజిస్ట్రేషన్ రియల్‌క్రాఫ్ట్ అనే చేపల బోట్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో జరుగుతుంది. ఇది ఓనరు పని, కానీ కళాసీ కూడా అడిగి తెలుసుకోవాలి. బోటు పక్కన రాసిన నంబరు చూడండి. మధ్యలో ఎంఎం ఉంటే మరబోటు, ఎంఓ ఉంటే మోటారు బోటు. ఆ నంబరు పూర్తిగా రాసి పెట్టుకోండి, లెక్కింపులో అదే అడుగుతారు. లైసెన్సు గడువు అయిపోయిన బోటు మీద ఉంటే ఓనరుతో పాటు మీ భృతికీ ఇబ్బందే. మార్చిలోనే ఆ సంగతి తేల్చుకోండి.

లెక్కింపు రోజు

వేట ఆగగానే మత్స్యశాఖ సిబ్బంది, సచివాలయంలోని గ్రామ మత్స్య సహాయకుడు హార్బరుకో, రేవుకో వచ్చి బోట్లు చూస్తారు. బోటు ఒడ్డున ఉందా, ఎవరెవరు పనిచేస్తున్నారు అని రాసుకుంటారు. ఒక్కో రకం బోటుకు ఇంతమంది అని పరిమితి ఉంటుంది. గొడవలు వచ్చేది ఇక్కడే. ఉన్న ఖాళీల్లో ఎవరి పేర్లు ఇవ్వాలో ఓనరు చెబుతాడు. ఏడాదంతా వల లాగిన మనిషిని పక్కన పెట్టి, ఎప్పుడూ సముద్రం చూడని బంధువు పేరు రాయించడం అన్యాయం. అలా జరిగే అవకాశం ఉందనిపిస్తే ఆ రోజు మీరు బోటు దగ్గరే ఉండండి. పేరు రాశారో లేదో కళ్లారా చూడండి.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, ఫోను దగ్గర పెట్టుకోవాలి. ఒకే మనిషి పేరు రెండు బోట్లలో ఉంటే పరిశీలనలో ఇబ్బంది వస్తుంది కాబట్టి ఎక్కువ వేట చేసిన బోటులోనే చెప్పండి. గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్లలో పనిచేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఈ లెక్క మన రాష్ట్ర బోట్లదే, అక్కడి బోటు పేరు చెబితే ఇక్కడ నమోదు కాదు.

వేలిముద్ర, బ్యాంకు

తాళ్లు లాగి, ఉప్పునీళ్లలో నాని గీతలు అరిగిపోయిన వేళ్లను ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని గుర్తించే) మిషను ఒక్కోసారి పట్టదు. నాలుగైదుసార్లు పెట్టించి ‘రావట్లేదు, తర్వాత రండి’ అంటారు. టెన్షన్ పడకండి, కంటిపాపతోనో, ముఖం ఫొటోతోనో చేయమని అడగండి. వీలైతే ముందే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకోండి.

డబ్బు ఆధార్‌తో లింకైన ఖాతాలోకి నేరుగా పడుతుంది. పాసు పుస్తకంలో ఆధార్ నంబరు ఉంటే సరిపోదు, ఖాతాకు ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ ఖాతాలో పడాలో బ్యాంకు ద్వారా నమోదు) అయి ఉండాలి. రెండు మూడు ఖాతాలున్నవాళ్లు ఏది మ్యాప్ అయిందో బ్యాంకులో కనుక్కోవాలి. వాడని పాత ఖాతాలో డబ్బు పడి, రాలేదని తిరిగేవాళ్లు ఉంటారు.

పేరు లేకపోతే

ముసాయిదా జాబితాను సచివాలయంలో అంటిస్తారు. అది ఉండేది కొద్ది రోజులే. ఇంట్లో ఆడవాళ్లనైనా పంపి చూడమనండి. పేరు లేకపోతే బోటు నంబరు, ఓనరు పేరు, ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో తెల్లకాగితం మీద రాసి, ఆధార్ నకలు జతచేసి మత్స్య సహాయకుడికి ఇవ్వండి. అదే బోటులో పనిచేసే ఇద్దరు కళాసీల సంతకాలుంటే బలం. అనర్హుల పేర్లుంటే ఆ అభ్యంతరం కూడా ఇదే కాగితంలో రాయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా మత్స్యశాఖ కార్యాలయం, ఆ తర్వాత కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా రసీదు నంబరు తీసుకోండి.