నెలనెలా చందాతో నడిచే సాఫ్ట్‌వేర్: డబ్బు వసూలు ఎలా పెట్టుకోవాలి?

ట్యూషన్ సెంటర్ల ఫీజు లెక్కలు చూసే చిన్న సాఫ్ట్‌వేర్ చేసి, నెలకు 299 రూపాయలకు ఇచ్చాను. కోడ్ రాయడం కన్నా రెండో నెల డబ్బు రాబట్టుకోవడమే కష్టమైంది. నేను తలకిందులుగా చేసిన పనిని మీరు ఈ వరుసలో చేయండి.

1. మొదటి పదిమంది దగ్గర చేత్తోనే వసూలు చేయండి. వాట్సాప్‌లో యూపీఐ లింకు పంపితే చాలు. వెంటనే కట్టేదెవరో, "రేపు చూద్దాం సార్" అనేదెవరో తెలిసిపోతుంది. నేను ముందే పేమెంట్ పేజీ మీద మూడు వారాలు తగలేశాను.

2. తర్వాత ఆటోపే పెట్టండి, అంటే ప్రతి నెలా డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు. యూపీఐలో ఇది 2020 జులై నుంచి ఉంది. కస్టమర్ ఒకసారి పిన్ కొట్టి మ్యాండేట్ (డబ్బు కట్ చేసుకోవడానికి ముందస్తు అనుమతి) ఇస్తే, 15,000 రూపాయల వరకు ప్రతి నెలా మళ్లీ పిన్ అడగదు. అయితే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, డబ్బు కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల వ్యవధితో కస్టమర్‌కు మెసేజ్ వెళ్లాలి. మనం గుర్తొచ్చేది ఆ మెసేజ్‌తోనే అయితే, వేలు రద్దు మీదకు పోతుంది. రెండు రోజుల ముందే "ఈ నెల మీరు 140 రసీదులు ఇచ్చారు" అని పంపండి.

3. మ్యాండేట్‌లో గరిష్ఠ మొత్తం ఉంటుంది. నేను సరిగ్గా 299 అని పెట్టాను. ధర 399 చేసినప్పుడు అందరికీ ఫోన్ చేసి మళ్లీ అనుమతి అడగాల్సి వచ్చింది. కాస్త ఎక్కువ పరిమితి పెట్టి, ఎందుకో ముందే చెప్పండి.

4. డబ్బు పడిందన్న సమాచారం గేట్‌వే (మన తరఫున ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) నుంచి రెండుసార్లు రావచ్చు. లావాదేవీ నంబరు సరిచూడకుండా చందా గడువు పెంచకండి. జనవరి 31న చేరినవాళ్లకు ఫిబ్రవరిలో ఏ తేదీన బిల్లు వేయాలో కూడా ముందే తేల్చుకోండి.

5. బిల్లు తేదీ కస్టమర్ చేతికి డబ్బొచ్చే రోజును బట్టి ఉండాలి. పిల్లల ఫీజులు పదో తారీఖుకి గానీ రావు. నా బిల్లేమో ఒకటిన! పన్నెండుకు మార్చాక ఫెయిలయ్యేవి బాగా తగ్గాయి. ఫెయిలైనా వెంటనే తాళం వేయకండి, వారం ఆగండి. వాళ్ల లెక్కలు వాళ్లు చూసుకోనివ్వండి.

(జీఎస్టీ సంగతి: టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. 18 శాతం పన్ను కలిపే ధర ఆలోచించుకోండి.)

6. వెళ్లిపోయేవాళ్లను లెక్కపెట్టండి. నెలకు నూటికి ఐదుగురు పోతే పెద్ద నష్టంలా కనిపించదు. అలాగే సాగితే ఏడాదికి వందలో 54 మందే మిగులుతారు. రద్దు బటన్ దాచకండి, కానీ రద్దు చేసినవాళ్లకు ఫోన్ చేయండి. ఒకాయన నాతో, "ఏప్రిల్, మే క్లాసులే ఉండవు, ఎందుకు కట్టాలి బాబూ?" అన్నారు. ఆ వారమే రద్దు పక్కన "వేసవి విరామం" అని ఇంకో బటన్ పెట్టాను.