లాక్ ఉన్న ఫోన్ కొన్నారా? అయితే రోజులు ఇలా లెక్కపెట్టండి

మొన్న ఇక్కడ అమెరికాలో మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన కుర్రాడొకడు హాల్లో కూర్చుని ఫోన్లో ఏవో అంకెలు కొడుతున్నాడు, చెరిపేస్తున్నాడు, మళ్లీ కొడుతున్నాడు. ఏంట్రా అంటే "అన్నా, ఇండియా సిమ్ వేశాను, పిన్ అడుగుతోంది, నా పిన్ గుర్తు రావట్లేదు" అన్నాడు. చూద్దును కదా, అది అడుగుతున్నది సిమ్ పిన్ కాదు, నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్, అంటే వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా ఫోన్‌కి వేసిన తాళం తీసే కోడ్. వాడికి గుర్తు రావడానికి అది వాడిదైతే కదా, ఫోన్ అమ్మిన కంపెనీది. నాలుగు సున్నాలు, 1234, పుట్టినరోజు, అన్నీ అప్పటికే అయిపోయాయట. ఆ పిన్ ఇన్నిసార్లే కొట్టాలని లెక్క ఉంటుంది, అది దాటితే రేపు అసలు కోడ్ చేతికొచ్చినా ఫోన్ తీసుకోకపోవచ్చు. చేతిలోంచి లాక్కున్నాను. వాడికి కోపం వచ్చింది, రానీ.

అందుకే ఇది రాస్తున్నాను. అమెరికాలో దిగిన మొదటి వారం ఫోన్ ఎక్కడ కొనాలో, సిమ్ ఎలా వేయాలో చెప్పేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, అవన్నీ వదిలేస్తున్నా. నేను చెప్పేది ఒక్క లాక్ గురించే.

షాపులో తక్కువ ధరకు కనిపించే ప్రీపెయిడ్ ఫోన్ ఊరికే చవగ్గా రాదు. ఆ తగ్గించిన డబ్బు నెలనెలా రీచార్జిల్లో రాబట్టుకోవాలి కాబట్టి, ఫోన్ తన సిమ్‌తో తప్ప వేరే సిమ్‌తో పనిచేయకుండా కంపెనీ తాళం వేసి ఇస్తుంది. తాళం తీయడానికి ఎవరికి ఎప్పుడు అర్హత అన్నది కంపెనీ రాసుకున్న పాలసీలో ఉంటుంది. ఇక్కడి పెద్ద ఫోన్ కంపెనీల్లో ఒకటైన ఏటీ అండ్ టీలో పోస్ట్‌పెయిడ్ అయితే ఫోన్ 60 రోజులు వాడకంలో ఉండి, దాని డబ్బు మొత్తం కట్టేసి ఉండాలి, ప్రీపెయిడ్ అయితే ఆరు నెలల సర్వీసుకు డబ్బు కట్టి ఉండాలి. ఇంకో కంపెనీ టీ-మొబైల్‌లో పోస్ట్‌పెయిడ్‌కి 40 రోజులు, ప్రీపెయిడ్‌కి 365. తేడా చూశారా? సోషల్ సెక్యూరిటీ నంబరు (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) లేక, క్రెడిట్ హిస్టరీ (అప్పులు సరిగ్గా తీర్చిన రికార్డు) లేక ప్రీపెయిడ్‌తో మొదలుపెట్టేది ఎవరు? మనమే. అంటే ఎక్కువ రోజులు ఆగాల్సింది కూడా మనమే. మూడో పెద్ద కంపెనీ వెరైజన్ ఫోన్ 60 రోజులకు దానంతటదే అన్‌లాక్ అయిపోతుందని సీనియర్లు చెప్తారు, అది 2019 నుంచి కొన్నేళ్లపాటు నిజమే, కానీ ఆ లెక్క పట్టుకుని ఇప్పుడు కొనకండి, రూల్ మారింది. ఏ కంపెనీదైనా సరే కొనేరోజు వాళ్ల సైట్లో ఉన్న అన్‌లాక్ పాలసీ చదివి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడే నేను బోల్తా పడ్డాను, ఇక్కడే అందరూ పడుతున్నారు.

నేను వచ్చిన కొత్తలో ఇలాంటిదే ఒక ప్రీపెయిడ్ ఫోన్ కొన్నాను. రెండు నెలలు రీచార్జి చేశాను. ఈలోగా రూమ్మేట్లు ఫ్యామిలీ ప్లాన్‌లో చేరమన్నారు, నెలకు సగం కూడా పడదు, ఎగిరి గంతేసి చేరాను. వాళ్ల సిమ్ నా ఫోన్లో వేస్తే పనిచేయలేదు. సరే, ఏడాది ఆగితే అన్‌లాక్ చేస్తారట కదా, దాచి పెడదాం అని ఫోన్‌ని డ్రాయర్‌లో పడేసి, ఇండియా నుంచి తెచ్చుకున్న పాత ఫోన్ పగిలిన స్క్రీన్‌తోనే నెట్టుకొచ్చాను. క్యాలెండర్‌లో తేదీ కూడా రాసుకున్నా. ఆ రోజు రానే వచ్చింది, గర్వంగా అప్లై చేశాను. అర్హత లేదన్నారు. మళ్లీ చేశాను. మళ్లీ లేదన్నారు. కస్టమర్ కేర్‌తో గంట మాట్లాడితే తేలిందేమిటంటే, నేను లెక్కపెట్టింది కొన్న రోజు నుంచి, వాళ్లు లెక్కపెట్టింది వాళ్ల సర్వీసు నడిచిన రోజుల్ని. వాళ్ల లెక్కలో నాకున్నవి రెండు నెలలు. కొని ఏడాదైన ఫోన్ వాళ్ల దృష్టిలో రెండు నెలల పసిపిల్ల.

కాబట్టి బుర్రలోకి ఎక్కించుకోండి, కాలం గడిస్తే తాళం ఊడదు, మీరు డబ్బు కట్టిన సర్వీసు ఆ ఫోన్ మీద నడిస్తేనే ఊడుతుంది. రీచార్జి ఒక నెల మర్చిపోతే ఆ నెల లెక్కలోకి రాదు. కొన్ని పాలసీల్లో 'వరుసగా' అనే మాట ఉంటుంది, ఆ ఒక్క మాట ఉందో లేదో వెతకండి, ఉంటే మధ్యలో ఒక్క నెల గండిపడినా ముందు కట్టినవి కూడా నీళ్లలో పోసినట్టే. సెలవులకు ఇంటికి వెళ్తున్నాం కదా, నెలరోజులు రీచార్జి ఎందుకు దండగ అనుకుంటారు చూడండి, సరిగ్గా అక్కడే దొరికిపోతారు. ఆటో రీచార్జి పెట్టేయండి. ఆ కార్డులో డబ్బుందో లేదో కూడా చూసుకోండి, ఇది కూడా చెప్పాలా అంటారు, చెప్పాలి, ఎందుకంటే మా వాళ్లలో ఒకడికి అలాగే గండి పడింది. చవకైన ప్లాన్‌కి దూకాలనుంటే అదే కంపెనీలో చవక ప్లాన్‌కి మారండి, కంపెనీ మారకండి. టవర్లు ఒకటే అయినంత మాత్రాన కంపెనీ ఒకటే అనుకోకండి. క్రికెట్ అనే ప్రీపెయిడ్ బ్రాండు ఏటీ అండ్ టీ వాళ్లదే, మెట్రో అనేది టీ-మొబైల్ వాళ్లదే, అయినా క్రికెట్ అమ్మిన లాక్ ఫోన్లో ఏటీ అండ్ టీ సిమ్ వేసి పనిచేస్తుందిలే అనుకోకండి.

వాయిదాల మీద తీసుకున్నవాళ్ల కథ వేరు. 24 నెలలో 36 నెలలో కడుతూ ఉంటారు, చివరి వాయిదా దాకా తాళం అలాగే ఉంటుంది. ముందే మొత్తం కట్టేసి అన్‌లాక్ చేయించుకుందామంటే, కొన్ని ఆఫర్లలో నెలనెలా బిల్లులో తగ్గిస్తామన్న క్రెడిట్లు ఆ రోజుతో ఆగిపోతాయి. కట్టే ముందు అడగండి, కట్టాక అడిగితే సారీ చెప్తారు, అంతే.

సెకండ్ హ్యాండ్ ఫోన్ గురించి ఒక్కమాట. ఊరొదిలి వెళ్తున్న సీనియర్ మంచోడే అయ్యుండొచ్చు, కానీ ఆ ఫోన్ మీద వాయిదాలు మిగిలుంటే, అతను కట్టడం మానేస్తే, ఆ ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) బ్లాక్‌లిస్టులోకి పోతుంది. అప్పుడు అన్‌లాక్ మాట దేవుడెరుగు, ఫోన్ కాల్ చేయడానికే పనికిరాదు. ఐఫోన్ అయితే డబ్బు ఇచ్చే ముందే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందికి వెళ్తే క్యారియర్ లాక్ అని ఉంటుంది, దాని ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటేనే తాళం లేనట్టు. ఆండ్రాయిడ్ అయితే మీ సిమ్ వేసి కాల్ చేసి చూడండి, మొహమాటపడకండి. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కీ, ఆ తర్వాత వచ్చిన మోడళ్లకీ సిమ్ పెట్టే ట్రేనే ఉండదు, ఈ-సిమ్, అంటే ఫోన్లోపలే ఉండే డిజిటల్ సిమ్ మాత్రమే. లాక్ ఉంటే మన ఎయిర్‌టెల్, జియో ఈ-సిమ్ కూడా అందులో పనిచేయదు, బ్యాంకు ఓటీపీలు గాల్లో కలిసిపోతాయి.

అర్హత వచ్చాక చేయాల్సింది చిన్నపనే. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది, రాసుకోండి. కంపెనీ సైట్లోనో యాప్‌లోనో అప్లై చేయండి. ఏటీ అండ్ టీ అయితే మెయిల్‌కి ఒక లింకు పంపుతుంది, దాన్ని 24 గంటల్లోగా నొక్కాలి, లేకపోతే ఆ అప్లికేషన్ రద్దయిపోతుంది, స్పామ్ ఫోల్డర్ చూడండి. మామూలుగా రెండు పనిదినాల్లో జవాబొస్తుంది. ఐఫోన్‌కి కోడ్ ఏమీ ఇవ్వరు, వైఫైకి కలిపి కొత్త సిమ్ వేస్తే తాళం దానంతటదే పోతుంది. కోడ్ ఇచ్చే ఆండ్రాయిడ్ అయితే ఒక్కో అంకే చూసుకుని కొట్టండి, మావాడిలా కాదు. ఇరవై డాలర్లకు ఐదు నిమిషాల్లో తీసేస్తామనే సైట్ల జోలికి పోకండి. మీ కంపెనీ అయితే ఈ పనికి ఫీజు అడగదు.

సరే, ఇంతసేపు భయపెట్టాను కాబట్టి ఇది కూడా చెప్తాను. లాక్ ఉన్నంత మాత్రాన కొంపలేం మునగవు. వైఫై మీద వాట్సాప్ కాల్స్ అన్నీ వస్తాయి. ఇండియా సిమ్‌ని పాత ఫోన్లో ఉంచి రోమింగ్ ఆన్ చేసి పెట్టుకుంటే ఓటీపీలకు అదే చాలు. అన్‌లాక్ చేయించుకోవడం ఇక్కడ దొంగపని కూడా కాదు, 2014లో దానికి చట్టమే వచ్చింది. రోజులు సరిగ్గా నిండితే వాళ్లు కాదనడానికి పెద్దగా కారణం ఉండదు. నాకూ చివరికి చేశారు. ఆ డ్రాయర్ ఫోన్‌ని బయటికి తీసి, ఇంకో పది నెలలు అన్నిటికంటే చవక ప్లాన్ కట్టి సాధించాను. ఆ కట్టిన డబ్బుతో అన్‌లాక్డ్ ఫోన్ కొత్తదే వచ్చేది, అది వేరే విషయం.

మా కుర్రాడి ఫోన్ అదృష్టం బాగుండి ఇంకా పూర్తిగా మొండికేయలేదు. వాడి ఇండియా సిమ్ ఇప్పుడు వాళ్ల నాన్న ఇచ్చి పంపిన పాత ఫోన్లో ఉంది. కొన్న ఫోన్‌కి ఆటో రీచార్జి నేనే దగ్గరుండి పెట్టించాను, వాడు గొణుగుతూనే ఉన్నాడు. ఇంకా నాలుగు నెలలుంది.