తుపాను రాకముందే గుట్ట మీది క్వారీని ఒకసారి చూసి రండి

కుప్పం వైపు గ్రానైట్ క్వారీ కిందో, 2001లో మూతపడ్డ చిగురుగుంట బంగారు గనుల చుట్టుపక్కలో మీ ఊరుంటే, వాయుగుండం అని టీవీలో చెప్పేదాకా ఆగొద్దు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాబట్టి సెప్టెంబరులోనే నలుగురు కలిసి పైకెక్కండి. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట లీకైతే కింది ఊళ్లు ఖాళీ చేయించారు, గుర్తుంది కదా.

మొదట చూడాల్సింది వంక. వేస్టు రాళ్లు, మట్టి వంకలో పోసి ఉంటే వాటి వెనక నీళ్లు కట్టుకుని ఒక్కసారిగా తెగుతాయి. మా వంకలో ఒక క్వారీ వాళ్లు పోసిన దిబ్బ అట్లాగే అర్ధరాత్రి తెగి టమోటా తోటలో మోకాలెత్తు రాళ్లు మేట వేసింది, ఎత్తడానికే రెండు నెలలు పట్టింది. ఫోటోలు తీసి సచివాలయంలో, గనుల శాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటతో పని కాదు.

దిబ్బ పైన పగుళ్లు, అడుగున ఉబ్బు కనిపిస్తే దాని కింద మేకలు కూడా మేపొద్దు.

ఖనిజం కోసం డ్రిల్లింగ్ జరుగుతుంటే, పని అయిపోయిన బోర్లకు మూత వేశారా, డ్రిల్లింగ్‌లో వచ్చే బురద నీళ్లు నిలిపే గుంట అంచుదాకా నిండి ఉందా చూడండి. అది పొంగితే అందులోని ఆయిల్ నేరుగా చెరువుకే. డ్రిల్లింగ్ క్యాంపు వాళ్లు ఎక్కువగా బయటివాళ్లు, ఏ వంక ఎంత పొంగుతుందో వాళ్లకేం తెలుసు? మీరే చెప్పండి, నంబర్లు మార్చుకోండి. దారి తెగితే మొదట దొరికేది వాళ్ల జేసీబీనే (దారిని గుంతలు చేసేదీ వాళ్ల లారీలే అనుకోండి). నెలలు నిండిన ఆడవాళ్లను మాత్రం వాన మొదలవకముందే టౌనుకు పంపేయండి, కల్వర్టు మునిగాక 108 కూడా రాదు.

ఉరుము వినిపిస్తే బ్లాస్టింగ్ చోటికి దూరంగా ఉండండి. మందును పేల్చడానికి పెట్టే, కరెంటుతో పేలే డిటొనేటర్లు పిడుగుకు వాటంతటవే పేలొచ్చు.

వాన వెలిశాక పిల్లల మీద కన్నేసి ఉంచండి. క్వారీ గుంటకు చెరువులాగా వాలు ఉండదు, అంచు దాటితే నిలువు లోతే. బావి నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపితే క్రిములు చస్తాయి గానీ ఆయిల్ పోదు, అందుకే పరీక్ష చేయించేదాకా ట్యాంకరు నీళ్లే తాగండి.